పొడవెక్కే కన్ను: నాలుగు శతాబ్దాల చూపు

పుట్టిన బిడ్డ కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఈ పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడేళ్లలోనే అయిపోతుంది. ఆ తర్వాత కన్ను ఏడాదికి కొద్దికొద్దిగా పెరుగుతూ, కార్నియా వంపుకీ లోపలి కటకం బలానికీ తగ్గట్టు తన పొడవును సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు తప్పి, ఆగాల్సిన చోట ఆగకుండా పొడవెక్కుతూ పోతే దూరపు వస్తువు బొమ్మ రెటీనా దాకా రాకుండా ముందే కుదురుకుంటుంది. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోతాయి. పిల్లాడికి సైట్ (హ్రస్వదృష్టి) వచ్చిందంటాం, చీటీలో మైనస్ గుర్తు పక్కన ఒక అంకె రాయించుకుని కళ్లజోడు కొంటాం. జోడు చేసేవారికి ఆ అంకె చాలు. కంటికి ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి మాత్రం చాలదు. హ్రస్వదృష్టి చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే కనిపించేది ఇదే: కన్ను లోపలికి చూసే కొత్త దారి దొరికిన ప్రతిసారీ ఈ జబ్బు గురించి అప్పటిదాకా ఉన్న నమ్మకం మారింది.

మొదటి మలుపు యోహాన్నెస్ కెప్లర్‌ది. చిన్నప్పుడు మశూచి సోకి ఆయన చూపు దెబ్బతింది. గ్రహాల కక్ష్యలు లెక్కకట్టిన ఆ మనిషి 1604లో వెలువరించిన గ్రంథంలో, బొమ్మ పడేది కటకం మీద కాదనీ, వెనకనున్న రెటీనా మీద తలకిందులుగా పడుతుందనీ తేల్చాడు. 1611 నాటి మరో గ్రంథంలో, హ్రస్వదృష్టి ఉన్నవారికి పుటాకార అద్దం ఎందుకు పనికొస్తుందో వివరించాడు. సినిమా హాల్లో తెరను నాలుగడుగులు వెనక్కి జరిపితే బొమ్మ మసకబారినట్టే ఈ కంటిలోనూ. కొన్నేళ్లకే క్రిస్టఫ్ షైనర్ అనే జెస్యూట్ పండితుడు జంతువుల కన్ను తీసి వెనకనున్న తెల్ల పొరను పలచగా చెక్కి, అక్కడ తలకిందులుగా పడిన బొమ్మను కళ్లారా చూపించాడు. లెక్క కుదిరింది, సాక్ష్యమూ దొరికింది. అయితే అది చనిపోయిన కన్ను.

బతికున్న కంటి పొడవు కొలవడానికి 1801లో థామస్ యంగ్ చేసిన పని చదివితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆయనకూ హ్రస్వదృష్టి ఉంది. కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చినట్టుండే తన కన్నును ముక్కువైపు బాగా తిప్పి, వృత్తలేఖిని రెండు కొసలకూ చిన్న ఉంగరాల్లాంటివి తగిలించి, ఒకదాన్ని కార్నియా మీద, రెండోదాన్ని కంటి వెనక అంచుకు ఆనేలా నొక్కి పట్టాడు. వెనక ఒత్తిడి తగిలిన చోట లోపల ఒక వెలుగు చుక్క కనిపిస్తుంది. ఆ చుక్క చూపు మధ్యలోకి వచ్చేదాకా కొసను జరుపుతూ పోయాడు. చివరికి వచ్చిన కొలత అంగుళంలో నూటికి 91 వంతులు, అంటే సుమారు 23 మిల్లీమీటర్లు. ఈనాటి యంత్రం ఇచ్చే సగటుకు చాలా దగ్గర. ఇంత ధైర్యంగా చేసిన పనిని ఆ తర్వాత ఎవరూ పిల్లల మీద చేయలేరు, చేయకూడదు కూడా. అందుకే పెరిగే కన్ను పొడవు తెలియకుండానే ఇంకో వందేళ్లకు పైగా గడిచిపోయింది.

1850లో కోనిగ్స్‌బర్గ్‌లో శరీరధర్మశాస్త్రం బోధిస్తున్న హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్, కంటిపాప ఎందుకు నల్లగా కనిపిస్తుందో విద్యార్థులకు చెప్పాలనుకున్నాడు. లోపలికి వెళ్లిన వెలుగు తిరిగి దీపం వైపే వస్తుంది. చూసేవాడు అక్కడ తల పెడితే దీపానికే అడ్డం. కళ్లజోడు అద్దాలు, సూక్ష్మదర్శినిలో వాడే పలచటి గాజు పలకలు, అట్ట, జిగురు. వీటితో ఒక పరికరం కట్టి, దీపపు వెలుగును వాలుగా పంపి అదే దారిలో వెనక్కి వచ్చిన వెలుగును చూశాడు. బతికున్న మనిషి రెటీనా మొదటిసారి స్పష్టంగా దర్శనమిచ్చింది. దీని గురించి 1851లో అచ్చయిన చిన్న పుస్తకంతో నేత్రవైద్యం రూపురేఖలే మారాయి. వియన్నాలో ఎడువార్డ్ యేగర్ గంటల తరబడి రోగుల కళ్లలోకి చూస్తూ రెటీనాను రంగుల్లో చిత్రించాడు. ఎక్కువ సైట్ ఉన్న కళ్లలో చూపు నరం తల పక్కన తెల్లటి నెలవంక లాంటి మచ్చ కనిపిస్తుంది. లోపలి పొరలు సాగి నరం అంచు నుంచి పక్కకు లాగబడితే వెనకనున్న తెల్ల పొర బయటపడి ఏర్పడే గుర్తు అది. దాదాపు అదే కాలంలో కార్ల్ ఫెర్డినాండ్ ఫన్ ఆర్ల్ట్ హ్రస్వదృష్టి ఉన్నవారి కళ్లను మరణానంతరం కోసి చూసి, అవి పొడవెక్కి ఉన్నాయని తేల్చాడు. 1864లో ఫ్రాన్సిస్కస్ డాండర్స్ రాసిన ఉద్గ్రంథం ఈ జ్ఞానాన్నంతా ఒక చోటికి చేర్చింది. పొడవెక్కిన కన్నును ఆయన జబ్బుపడిన కన్నుగానే చూశాడు. ఈ మాట ఆ తర్వాత చాలాకాలం మరుగున పడిపోయింది. జోడు పెట్టుకుంటే సరిపోయే చిన్న లోపంగానే జనం దీన్ని చూడసాగారు.

పిల్లల సంగతి బయటపెట్టినవాడు బ్రెస్లౌ నగరపు వైద్యుడు హెర్మన్ కోన్. అప్పటి ప్రష్యాలోని బ్రెస్లౌ ఈనాడు పోలెండ్‌లోని వ్రొట్స్‌వాఫ్. 1867లో ఆయన ప్రకటించిన లెక్కలో 10,060 మంది బడిపిల్లలున్నారు. పల్లె బడుల్లో హ్రస్వదృష్టి నూటికి ఇద్దరిలో కూడా లేదు. పైచదువుల జిమ్నేజియంలో పావు వంతుకు పైగా పిల్లల్లో ఉంది. తరగతి పెరిగేకొద్దీ సంఖ్యా పెరిగింది. బల్లల ఎత్తు, కిటికీల వెడల్పు, గదిలో వెలుగు గురించి కోన్ జీవితాంతం పోరాడాడు. ఆయన చేతిలో ఉన్నది అక్షరాల చార్టు, అద్దాలు, హెల్మ్‌హోల్ట్జ్ పరికరం మాత్రమే. ఎంతమందికి వచ్చిందో చెప్పగలిగాడు, ఏ కన్ను ఎంత వేగంగా సాగుతోందో చెప్పే దారి లేకపోయింది. అయినా బడిలో వెలుగు చాలదని ఆయన పట్టుబట్టిన చోటికే సైన్సు నూట నలభై ఏళ్ల తర్వాత తిరిగి వచ్చింది.

ఫోటోగ్రఫీ వచ్చాక రెటీనా బొమ్మ తీయాలన్న తపన మొదలైంది. 1886లో ఇంగ్లండ్‌లో జాక్‌మన్, వెబ్‌స్టర్ అనేవారు బతికున్న మనిషి రెటీనా ఫోటో ప్రచురించారు. కెమెరాను రోగి తలకే కట్టి రెండున్నర నిమిషాల పాటు కదలకుండా కూర్చోబెట్టారట. పెద్దవాడే కష్టంగా కూర్చునే పని, ఏడేళ్ల పిల్లవాడి వల్ల ఎలా అవుతుంది? 1920ల మధ్యలో స్వీడన్ వైద్యుడు నార్డెన్‌సన్ జైస్ కంపెనీతో కలిసి చేసిన కెమెరాతో ఈ పని ఆసుపత్రికి అందింది. 1950లలో ఎలక్ట్రానిక్ ఫ్లాష్ వచ్చాక రెప్పపాటులో ఫోటో తీయడం సాధ్యమైంది.

ఫోటో కంటి అడుగును చూపిస్తుంది గానీ పొడవును చెప్పదు. 1938లో రష్టన్ కనిపెట్టిన పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. మనిషిని చీకటి గదిలో చాలాసేపు కూర్చోబెడతారు. కళ్లు చీకటికి బాగా అలవాటయ్యాక, సన్నటి గీత లాంటి ఎక్స్‌రే కిరణాన్ని పక్క నుంచి కంటికి అడ్డంగా పంపుతారు. ఆ కిరణం రెటీనాను కోసే చోట మనిషికి ఒక వెలుగు వలయం కనిపిస్తుంది. కిరణాన్ని వెనక్కి జరిపేకొద్దీ వలయం కుంచించుకుపోయి చుక్కగా మారి మాయమవుతుంది. అది మాయమైన చోటే కంటి వెనక గోడ. కార్నియా కొస నుంచి అక్కడికి దూరం కొలిస్తే పొడవు వస్తుంది. యంగ్ చూసిన వెలుగు చుక్క ఇక్కడ ఎక్స్‌రే రూపంలో తిరిగి వచ్చింది. ఈ పద్ధతితోనే స్వీడన్‌కు చెందిన స్టెన్‌స్ట్రోమ్ 1946లో వెయ్యి మంది పెద్దల కుడి కళ్లు కొలిచి, సైట్‌లోని తేడాలకు అన్నిటికన్నా పెద్ద కారణం కంటి పొడవేనని అంకెలతో రుజువు చేశాడు. ఎక్స్‌రే కాబట్టి పిల్లల మీద, అందులోనూ ఏటేటా, వాడే వీల్లేదు.

1957లో లండన్ వైద్యుడు ఆర్నల్డ్ సోర్స్‌బీ ఇంకో మెలిక చూపించాడు. మామూలు చూపున్న కళ్లలోనే 22 నుంచి 26 మిల్లీమీటర్ల దాకా పొడవులున్నాయి. కార్నియా చదునుగా ఉంటే పొడుగు కన్ను కూడా సరిగ్గానే చూస్తుంది. కాబట్టి ఒక్కసారి కొలిచిన పొడవు ఒంటరిగా తీర్పు చెప్పదు. అదే కన్నును మళ్లీ మళ్లీ కొలిచి ఎంత వేగంగా పెరుగుతోందో చూడాలి. ఆయన మాత్రం కవలల మీద చేసిన పరిశీలనల బలంతో దీన్ని వంశపారంపర్యమనే వైపుకు మొగ్గాడు. తల్లిదండ్రులకు ఉంటే పిల్లలకు వస్తుంది, చేయగలిగిందేమీ లేదు, జోడు మార్చుకుంటూ పోవడమే. ఒక తరం వైద్యులు ఈ మాటే నమ్మి తల్లులకు చెప్పి పంపారు. మన ఊళ్లలో నేటికీ వినిపించే మాట కూడా ఇదే. ఈ నమ్మకం వల్ల చేయగలిగిన పని చేయకుండా పోయిన కాలం ఎంతో ఉందని నా అభిప్రాయం.

ఆ నమ్మకాన్ని మొదట కదిలించింది జంతువులే. 1977లో టార్‌స్టెన్ వీజెల్, ఎలియో రావియోలా కోతిపిల్లల కనురెప్పలు కుట్టేస్తే కన్ను పొడవెక్కుతుందని చూపించారు. న్యూయార్క్‌లో జోష్ వాల్‌మన్ కోడిపిల్లలతో మరింత లోతుకు వెళ్లాడు. రెటీనాలో సగానికి చూపు మసక చేస్తే ఆ సగం వైపే కన్ను సాగింది. 1988లో షెఫెల్ బృందం కోడిపిల్లలకు అద్దాలు పెట్టింది. మైనస్ అద్దం పెట్టిన కన్ను పొడవెక్కింది, ప్లస్ అద్దం పెట్టిన కన్ను నెమ్మదించింది. కన్ను తన ముందున్న బొమ్మను చూసి తన పెరుగుదలను తానే నడిపిస్తోందన్న మాట. 1995లో వాల్‌మన్ బృందం ఇంకా ఆశ్చర్యకరమైన విషయం చెప్పింది. రెటీనా వెనక రక్తనాళాలతో నిండిన కోరాయిడ్ పొర పలచబడుతూ, మందమవుతూ రెటీనాను వెనక్కీ ముందుకీ జరుపుతోంది. ఇది మనిషిలోనూ ఉందా? చూడటానికి పిల్లల కంట్లో కోరాయిడ్ కనిపించాలి కదా!

ఈలోగా పొడవు కొలత కూడా మెరుగుపడింది. 1956లో మొదలైన అల్ట్రాసౌండ్ ఎక్స్‌రే భయం తీర్చింది. అయితే పరికరం మొన కార్నియాను తాకాలి, మొద్దుబార్చే చుక్కలు వేయాలి, కొంచెం గట్టిగా ఆనితే కన్ను నొక్కుకుపోయి కొలత తగ్గిపోతుంది. కొలతలో వచ్చే తేడా మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. సైట్ లేని పిల్లల కన్ను ఏడాదికి పెరిగేది కూడా దాదాపు అంతే. అంటే పరికరం పొరపాటు పిల్లవాడి పెరుగుదలను మింగేస్తోంది. 1988లో వియన్నాకు చెందిన ఫెర్షర్ బృందం వెలుగుతో, తాకకుండా, కంటి పొడవు కొలవచ్చని చూపించింది. 1999లో జైస్ ఆ పద్ధతితో యంత్రం తెచ్చింది. తేడా ఇప్పుడు సుమారు 0.02 మిల్లీమీటర్లు. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తగిలించి, ఎర్ర చుక్క వైపు చూడమంటే చాలు. చుక్కల మందు లేదు, నొప్పి లేదు. రెప్ప ఆర్పకుండా కొన్ని క్షణాలు ఉంటే తెర మీద 23.41 అనో 24.86 అనో అంకె వస్తుంది. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచి ముందటి అంకె తీసేస్తే ఆ కన్ను ఎంత వేగంగా పెరుగుతోందో తెలుస్తుంది. నాలుగు వందల ఏళ్ల అన్వేషణలో పిల్లలకు దక్కిన అతి విలువైన పరికరం ఇదేనని నేను నమ్ముతున్నాను.

కాలిఫోర్నియాలోని ఒరిండాలో 1989 నుంచి ఏళ్ల తరబడి పిల్లల కళ్లు కొలుస్తూ వచ్చిన అధ్యయనం, దాన్ని విస్తరించిన తదుపరి పరిశీలనలు ఒక విషయం బయటపెట్టాయి. 2007లో మ్యుట్టి బృందం రాసిన ప్రకారం సైట్ బయటపడే ముందు ఏడాదిలోనే కన్ను వేగం పుంజుకుంటోంది. చార్టులో చివరి వరుస చదవగలిగే పిల్లవాడి కన్ను అప్పటికే దారి తప్పి ఉండొచ్చు.

కంటి లోపలి పొరల కథ 1991లో మలుపు తిరిగింది. డేవిడ్ హువాంగ్, జేమ్స్ ఫుజిమోటో తదితరులు వెలుగు ప్రతిధ్వనులతో రెటీనాను పొరపొరగా చూపే ఓసీటీని ప్రకటించారు. రెటీనా వెనక రంగు పొర వెలుగును చెదరగొట్టడంతో కోరాయిడ్ మాత్రం మసకగానే మిగిలింది. 2008లో రిచర్డ్ స్పెయిడ్ బృందం ఒక తేలిక ఉపాయం వాడింది: యంత్రాన్ని కంటికి మామూలుకన్నా దగ్గరగా జరిపారు. తెర మీద బొమ్మ తలకిందులైంది, కోరాయిడ్ స్పష్టంగా పడే భాగంలోకి వచ్చింది. కొత్త యంత్రం కొనకుండానే కొత్త పొర కనిపించింది. మామూలు కంట్లో సుమారు 300 మైక్రాన్లుండే ఈ పొర, బాగా ఎక్కువ సైట్ ఉన్నవారిలో వందకు దగ్గరగా పడిపోతుంది. బ్రిస్బేన్‌లో స్కాట్ రీడ్, మైకేల్ కాలిన్స్ బృందం 2010లో, కొద్దిసేపు మసక బొమ్మ చూపించినా మనిషి కంటి కొలత కొన్ని మైక్రాన్లు మారుతుందని చూపించింది. వాల్‌మన్ కోడిపిల్లల్లో చూసిందే మనలోనూ ఉందన్నమాట. అదే నగరంలో డేవిడ్ అచిసన్ ఎంఆర్‌ఐతో, హ్రస్వదృష్టి కన్ను అడ్డంగా, నిలువుగా కన్నా పొడవులోనే ఎక్కువ సాగుతుందని 2004లో తేల్చాడు.

కోన్ పట్టుబట్టిన వెలుగు సంగతికి వద్దాం. 2008లో సిడ్నీ, సింగపూర్‌ల్లోని చైనా మూలాల పిల్లలను పోల్చారు. ఆరేడేళ్ల వయసులో సింగపూర్‌లో 29.1 శాతం మందికి సైట్ ఉంటే, సిడ్నీలో 3.3 శాతమే. సిడ్నీ పిల్లలు వారానికి సుమారు 13.75 గంటలు ఆరుబయట గడుపుతున్నారు, సింగపూర్ పిల్లలు 3 గంటలు. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో, గ్వాంగ్‌జౌలోని కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాల ఆరుబయట తరగతి పెట్టి మూడేళ్లు చూస్తే, కొత్తగా సైట్ వచ్చినవారు మామూలు బడుల్లో 39.5 శాతం, ఈ బడుల్లో 30.4 శాతం. కంటి పొడవులో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.  చార్టు ఒకటి చెబితే యంత్రం ఇంకొకటి చెప్పవచ్చని ఒప్పుకోవడం వైద్యానికి మంచిది.

సైట్ పెరగకుండా వేసే అట్రోపిన్ చుక్కల కథలో ఇది మరింత తేటగా కనిపిస్తుంది. 2012లో సింగపూర్ వైద్యులు 0.01 శాతం చుక్కలు సైట్ పెరగడాన్ని బాగా తగ్గించాయని రాశారు. ప్రపంచమంతా ఆ చుక్కలు వాడటం మొదలుపెట్టింది. కానీ వారి లెక్కలోనే రెండేళ్లలో ఆ పిల్లల కళ్లు సగటున 0.41 మిల్లీమీటర్లు సాగాయి. అంతకుముందు అధ్యయనంలో మందు లేని చుక్కలు పొందిన పిల్లల్లో అది 0.38. జోడు అంకె ఆగిందనుకుంటే కన్ను ఆగలేదు. 2019లో హాంకాంగ్‌లో జేసన్ యామ్ బృందం మూడు మోతాదులను, వాటితో పాటు మందు లేని చుక్కలను, పక్కపక్కన పెట్టి ఏడాది కొలిచింది. మందు లేనివారి కన్ను 0.41 మిల్లీమీటర్లు పెరిగితే, 0.01 శాతం వాడినవారిది 0.36, 0.05 శాతం వాడినవారిది 0.20. పొడవు కొలవకపోయి ఉంటే పనిచేయని మోతాదునే ఇంకా ఎన్నాళ్లు వాడేవారో.

కంటి లోపలికి చూసే యంత్రం కాపలా కూడా కాస్తుంది. చైనాలో ఎర్ర వెలుగు చికిత్స వచ్చింది. రోజుకు రెండుసార్లు, మూడేసి నిమిషాలు పిల్లలు ఒక యంత్రంలోకి చూస్తారు. 2022 నాటి ఫలితాల్లో కన్ను పెరుగుదల బాగా తగ్గింది. మరుసటి ఏడాది, ఆ వెలుగు వాడిన పన్నెండేళ్ల పాప చూపు తగ్గిందనీ, ఓసీటీలో రెటీనా పొర చెదిరిందనీ వైద్యపత్రికలో వచ్చింది. వాడకం ఆపాక కొంత కోలుకుందట. పిల్లల కంటితో ఇలాంటి ప్రయోగాలకు తొందరపడకూడదని నేను గట్టిగా చెబుతాను.

మన దగ్గరి లెక్కలు కూడా ఈ కథలో ఉన్నాయి. 2002లో ప్రచురితమైన లెక్క ప్రకారం, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్రవైద్య సంస్థ పరిశోధకులు నాలుగు వేల మందికి పైగా పిల్లల్ని పరీక్షిస్తే, 7 నుంచి 15 ఏళ్ల వారిలో హ్రస్వదృష్టి 4.1 శాతం. బ్రిస్బేన్‌లో కంటి ఆకారంపై పరిశోధన చేసి వచ్చిన పవన్ వెర్కిచర్ల ఇదే సంస్థలో మయోపియా (హ్రస్వదృష్టి) పరిశోధనశాల నడుపుతున్నారు. 2021లో ఆయన సహరచయితగా వచ్చిన పత్రం దేశంలోని అధ్యయనాలన్నీ కలిపి చూసి, పట్టణాల్లోని 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 1999లో 4.44 శాతంగా ఉన్నది 2019కి 21.15 శాతమైందనీ, ఇదే తీరున సాగితే 2050కి 48 శాతం దాటుతుందనీ అంచనా కట్టింది. అంచనా అంచనాయే. కానీ ఇరవై ఏళ్లలో జరిగిన మార్పు కళ్లముందుంది. జన్యువులు ఇరవై ఏళ్లలో మారవు.

తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు అనే ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం, 2019లో ఆంధ్రప్రదేశ్ బడిపిల్లలతో మొదలుపెట్టిన కంటి వెలుగు లక్షలాది కళ్లను చూశాయి. చార్టు, పవర్ పరీక్ష, అవసరమైతే జోడు. ఇది చిన్న పని కాదు. అయితే చార్టు బాగానే చదివి, కన్ను మాత్రం ఏడాదికి 0.3 మిల్లీమీటర్ల చొప్పున సాగుతున్న ఎనిమిదేళ్ల పాప పేరు ఆ జాబితాల్లోకి రాదు. పొడవు 26 మిల్లీమీటర్లు దాటితే మధ్యవయసు తర్వాత చూపు దెబ్బతినే ముప్పు పెరుగుతుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2016లో చూపించారు. అక్కడి వారే రోటర్‌డ్యామ్ పిల్లల కొలతలతో వయసువారీ పెరుగుదల గీతలు కూడా తయారుచేశారు. మన పిల్లలకు మన పిల్లల కొలతలతోనే గీతలు గీయాలి.

దీనికి కావలసిన యంత్రం మన ఊళ్లకు కొత్తదేమీ కాదు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకట్టడానికి కంటి పొడవు కొలవాల్సిందే. అందుకే ఆపరేషన్లు చేసే జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రుల్లో కొలిచే ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది, కొన్నిచోట్ల వెలుగుతో కొలిచేదే ఉంటుంది. ఉదయం పూట తాతల, అమ్మమ్మల కళ్లు కొలిచే ఆ యంత్రం దగ్గర మధ్యాహ్నం మనవలనూ కూర్చోబెట్టవచ్చు. కొలతకు పట్టేది ఒక నిమిషం. వచ్చిన అంకెను తేదీతో సహా చీటీలో పవర్ పక్కన రాసి, ఆరు నెలలకు అదే యంత్రం మీద మళ్లీ కొలవమని తల్లిదండ్రులు అడగవచ్చు, అడగాలి.